ఇద్దరు పిల్లలు, ఒకటే బాక్సు: హోమ్‌స్కూల్ కరిక్యులమ్ ఎలా ఎంచుకోవాలి?

ఫ్రిస్కో_ఇద్దరమ్మ

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. పాపకి తొమ్మిదేళ్లు, మూడో గ్రేడ్ అయిపోయింది. బాబుకి ఆరేళ్లు, కిండర్‌గార్టెన్ అయింది. ఈ ఆగస్టు నుంచి ఇద్దర్నీ ఇంట్లోనే చదివించాలని మా ఆయనా నేనూ నిర్ణయించుకున్నాం. ఉద్యోగానికి కొన్నాళ్లు సెలవు పెట్టి నేనే చెప్తాను.

ఇప్పుడు టెన్షనంతా కరిక్యులమ్ దగ్గరే. ఒక్కో సబ్జెక్టుకీ విడివిడిగా వెతికే ఓపిక లేదు, అందుకే అన్నీ కలిపి ఒకే బాక్సులో వచ్చేది కొందామనుకుంటున్నాను. సోన్‌లైట్, బుక్‌షార్క్, ఓక్ మెడో, టింబర్‌డూడుల్ చూశాను. ఇద్దరికీ చెరో గ్రేడ్ బాక్సు తీసుకుంటే వెయ్యి డాలర్లు దాటిపోతోంది. పైగా మా పాప చదవడంలో ముందుంది, పుస్తకమిస్తే వదలదు. భాగహారం దగ్గరకొచ్చేసరికి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. బాబు ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. వీళ్లకి ఏ గ్రేడ్ బాక్సు కొనాలి?

ఇంకో సంగతి. రెండు మూడేళ్లలో హైదరాబాద్ వచ్చేసే ఆలోచన ఉంది. అక్కడి స్కూల్లో చేర్చాల్సి వస్తే ఇబ్బంది పడకూడదు. తెలుగు కూడా వదలకూడదు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ప్లేనో_నాన్న

చట్టం సంగతి నేను చెప్తాను, కరిక్యులమ్ సంగతి మా ఆవిడకే తెలుసు. టెక్సాస్‌లో హోమ్‌స్కూల్ అంటే ప్రైవేట్ స్కూల్ కిందే లెక్క. లీపర్ కేసులో 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, పౌర బాధ్యతలు, ఈ ఐదూ ఉండే రాతపూర్వక కరిక్యులమ్‌తో నిజంగా చదివిస్తే చాలు. రిజిస్ట్రేషన్ లేదు, రాష్ట్రం పెట్టే పరీక్ష రాయాల్సిన పని లేదు. మీ పిల్లలు ఇప్పటికే పబ్లిక్ స్కూల్లో ఉంటే, మానిపిస్తున్నట్టు తేదీ వేసి స్కూలుకి లెటర్ పంపండి. పంపకపోతే ఆబ్సెంట్లు పడతాయి. కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఆ ఐదింటిలో సైన్సు లేదు కదా అని వదిలేయకండి, ముఖ్యంగా ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే.

హ్యూస్టన్_ముగ్గురమ్మ

చెల్లీ, మా ముగ్గురూ ఇంట్లో చదువుకున్నవాళ్లే. పెద్దవాడు కమ్యూనిటీ కాలేజీకి వెళ్తున్నాడు, చిన్నది ఇంకా నా దగ్గరే ఉంది. అందుకే ధైర్యంగా చెప్తున్నాను. బాక్సు మీద రాసిన గ్రేడ్ చూసి కొనొద్దు. లెక్కలు, చదవడం, ఈ రెండూ ఎవరి స్థాయిని బట్టి వాళ్లకి విడిగా తీసుకో. చరిత్ర, సైన్సు, కథలు ఇద్దరికీ కలిపి ఒక్కటే తీసుకో. దీంతో ఖర్చు తగ్గుతుంది, అంతకన్నా ముఖ్యంగా నీ గొంతు మిగులుతుంది.

ముందు లెక్కలు. మ్యాథ్ మామత్, సింగపూర్ మ్యాథ్ అని రెండు లెక్కల పుస్తకాల వరసలున్నాయి. ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలో చూపించే ప్లేస్‌మెంట్ టెస్టులు రెండింటికీ వాళ్ల సైట్లలో ఫ్రీగా ఉన్నాయి. మూడో స్థాయిది ప్రింట్ తీసి పాపకివ్వు. ఒకేసారి కూర్చోబెట్టకు, రెండు పూటలుగా చేయించు. పక్కన నిలబడి సాయం చేయొద్దు. ఎక్కడ ఆగిందో అదే మనకి కావాలి. మూడో స్థాయి రెండో సగంలో ఆగిందనుకో, అక్కణ్నుంచే మొదలుపెట్టు. నాలుగో గ్రేడ్ పిల్ల మూడో పుస్తకం చేస్తోందని ఎవరూ అడగరు. పుస్తకం మీద 3 అంకె చూసి పిల్ల చిన్నబుచ్చుకుంటుందనిపిస్తే, పీడీఎఫ్ కొని కావలసిన చాప్టర్లే ప్రింట్ చేసి ఫైల్లో పెట్టు.

భాగహారానికి ఏడుస్తోందన్నావు. చాలామంది పిల్లలకి ఆ మెట్లు బట్టీగానే వస్తాయి. ఎందుకు దించుతున్నారో, ఏం దించుతున్నారో తెలియదు. పుస్తకం మూసేసి నిజం డబ్బులు తియ్యి. 84ని 3తో భాగించాలి. పది డాలర్ల నోట్లు ఎనిమిది, డాలర్ నోట్లు నాలుగు బల్ల మీద పెట్టి ముగ్గురికి పంచమను. తలా రెండు పదులు ఇస్తుంది, రెండు పదులు మిగులుతాయి. ఇప్పుడేం చేస్తావని అడిగి ఊరుకో. కాసేపు చూసి, చిల్లర మార్చాలని తనే అంటుంది. రెండు పదులిచ్చి డాలర్ నోట్లు ఇరవై తీసుకుంటే, ఉన్న నాలుగుతో కలిపి 24. తలా ఎనిమిది. మొత్తం తలా 28. ఆ తర్వాత అదే లెక్క కాగితం మీద పక్కనే వేయించు. 2 రాసినప్పుడు రెండు నోట్ల మీద వేలు పెట్టించు. 4 దించినప్పుడు, ఆ నాలుగు నోట్లనీ ఇరవైలోకి తోయించు. మా రెండోదానికి ఈ పద్ధతిలోనే పట్టు దొరికింది. వారమంతా నోట్లతోనే చేశాం, కొత్త పాఠం జోలికి పోలేదు. ఏ కరిక్యులమ్ షెడ్యూల్‌లోనూ ఆ వారం ఉండదు, మనమే కల్పించుకోవాలి.

బాబుకి ఫోనిక్స్, అంటే ఏ అక్షరం ఏ శబ్దమిస్తుందో, వరసగా చెప్పేది ఏదైనా ఒకటి చాలు. ఆల్ అబౌట్ రీడింగ్‌లో అక్షరాల పలకలుంటాయి, చేత్తో జరుపుతూ పదాలు కడతారు. ఆరేళ్ల మగపిల్లాడికి పెన్సిల్ కన్నా అది నయం. పావుగంట మించొద్దు. వాడు కూడబలుక్కుంటున్నాడని కథలు, సైన్సు ఆపకు. చదవడం ఇంకా రాలేదు గానీ వినడం వచ్చు కదా. నువ్వు చదివి వినిపిస్తే తొమ్మిదేళ్ల అక్కతో సమానంగా వింటాడు.

ఇక మిగతాదంతా కలిపి కొనే బాక్సు. నీ జాబితాలో ఉన్నవాటి గురించి నాకు తెలిసింది చెప్తాను. సోన్‌లైట్ క్రైస్తవుల కోసం చేసింది. చరిత్రతో పాటు బైబిల్ పాఠాలూ షెడ్యూల్‌లో కలిసే వస్తాయి. పుస్తకాల ఎంపిక చాలా బాగుంటుంది. మీ ఇంట్లో అది వద్దనుకుంటే, దాదాపు అదే పద్ధతిలో మతపాఠాలు లేకుండా నడిచేది బుక్‌షార్క్. వారానికి 4 రోజులు, 36 వారాలు. దాంట్లో గ్రేడ్లుండవు, లెవెళ్లుంటాయి. ఒక్కో లెవెల్‌కీ వయసుల పరిధి ఇస్తారు కాబట్టి అక్కాతమ్ముళ్లని కలపొచ్చు. మీకైతే ప్రపంచ చరిత్ర పరిచయంతో మొదలయ్యే ఒకటో లెవెల్ చూడమంటాను. 3, 4 లెవెళ్లు అమెరికా చరిత్ర. ఇండియా వెళ్లేవాళ్లకి ముందు ప్రపంచ చరిత్రే మేలు. సొంతంగా చదువుకునే పుస్తకాలు మాత్రం పాప స్థాయికి తగ్గవి విడిగా తీసుకో, లేకపోతే రెండు వారాల్లో అన్నీ అవజేసి ఖాళీగా కూర్చుంటుంది.

ఓక్ మెడో నెమ్మదిగా, బొమ్మలూ చేతిపనులతో సాగుతుంది. నాకు చాలా ఇష్టం. కానీ గ్రేడ్ వారీగా ఉంటుంది, ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాలంటే నువ్వే మార్పులు చేసుకోవాలి. టింబర్‌డూడుల్‌లో కిట్‌లోని వస్తువుల్ని మార్చుకోవచ్చు, మతం లేని కిట్లూ ఉన్నాయి. బాబుకి నచ్చుతుంది. అయితే అది వర్క్‌బుక్కులూ పజిళ్లూ కలిసిన కిట్టు, పాప పుస్తకాల ఆకలి తీర్చదు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకి ఈజీ పీజీ ఆల్ ఇన్ వన్ హోమ్‌స్కూల్ పూర్తిగా ఉచితం. అదీ క్రైస్తవులదే, ఎక్కువ భాగం స్క్రీన్ మీద నడుస్తుంది.

కొనేముందు బుక్‌షార్క్ పుస్తకాల జాబితా పట్టుకుని మీ ఫ్రిస్కో లైబ్రరీకి వెళ్లు. 2023లో తెరిచిన ఆ పెద్ద బిల్డింగే. లోపల టీ-రెక్స్ అస్థిపంజరం నమూనా ఉంటుంది, పిల్లలు ఎటూ పోరు, నువ్వు నిదానంగా వెతుక్కోవచ్చు. దొరికినన్ని అక్కడే తెచ్చుకుని, గైడు, దొరకని పుస్తకాలు మాత్రం కొనుక్కో. మనం డబ్బు పెట్టేది నిజానికి ఆ గైడుకే. ఏ రోజు ఏ పేజీలు, ఏం అడగాలి, మ్యాపులో ఏం చూపించాలి అన్నీ అందులోనే ఉంటాయి.

ఆ గైడులో ఉన్నదంతా చేయాలని మాత్రం పెట్టుకోకు. ప్రతి ఆదివారం రాత్రి వచ్చే వారం షీటు తీసి పెన్సిల్‌తో కొట్టేసేదాన్ని. స్పెల్లింగ్, గ్రామర్, చేతిరాత, రచన నాలుగూ ఒకే రోజు రాయించొద్దు. పాపతో రోజుకొకటి చాలు. చదివిన కథ నోటితో చెప్పించు, అందులోంచి రెండు వాక్యాలు రాయించు, తప్పులు దిద్దు. అదే గ్రామరు, అదే స్పెల్లింగు. వర్క్‌షీట్లు నచ్చినవి చేయించు. సైన్సు ప్రయోగాలు మాత్రం కొట్టేయకు. అందరూ బద్ధకించేది వాటి దగ్గరే, పిల్లలకి గుర్తుండేవీ అవే.

మన దేశం సంగతి. ఏ బాక్సులోనైనా ఇండియాకి రెండు మూడు పాఠాలకి మించి ఉండవు. దానికని విడిగా ఇంకో కోర్సు పెట్టుకోకు, ఉన్నదాంట్లోనే కలుపు. ఈజిప్టు చదివే వారాల్లో హరప్పా, మొహెంజొదారో. రోమ్ వచ్చినప్పుడు శాతవాహనులు. ఆ కాలంలో రోమ్‌తో మనకి సముద్ర వ్యాపారం ఉండేది, మన నేల మీద రోమన్ నాణేలు దొరికాయి. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. ఆ ఫొటో చూపించి, ప్రపంచ పటం మీద ఆ ఓడ ఎటు వెళ్లి ఉంటుందో గీయమన్నాను మా చిన్నదాన్ని. కృష్ణా తీరం నుంచి గీత మొదలుపెట్టి, శ్రీలంక చుట్టూ తిప్పి ఎర్రసముద్రం దాకా లాక్కెళ్లింది. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియం సైట్లో చూడొచ్చు. అక్కడికెలా వెళ్లాయని పిల్లలు అడుగుతారు, ఆ చరిత్ర కూడా దాచకుండా చెప్పు.

కూకట్‌పల్లి_రిటర్న్

మేం న్యూజెర్సీలో ఇంట్లో చదివించి, బాబుని ఇక్కడ సీబీఎస్‌ఈ స్కూల్లో ఆరో తరగతిలో చేర్చాం. అనుభవంతో చెప్తున్నా, ఇంగ్లిష్, సైన్సుల గురించి బెంగపడకండి. కష్టమయ్యేది తెలుగు, హిందీ. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం స్కూళ్లలో తెలుగు తప్పనిసరి, ఏ బోర్డయినా సరే. మాట్లాడటం వస్తే సరిపోదు, ఒత్తులతో సహా రాయడం రావాలి. అక్కడ ఉన్నప్పుడే మనబడి లాంటి వారాంతపు తరగతుల్లో వేయండి, ఇంట్లో రోజూ నాలుగు లైన్లు డిక్టేషన్ పెట్టండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి, పీడీఎఫ్‌లు ఉచితం. సైన్సు పాఠం ఇంగ్లిష్‌లో చదివాక ఎదురు పేజీ పైకి చదివించండి. కిరణజన్య సంయోగక్రియ లాంటి మాటలు అలా అలవాటవుతాయి.

లెక్కలకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కూడా ఉచితమే. మొత్తం చేయక్కర్లేదు, అప్పుడప్పుడు ఒక అభ్యాసం ఇచ్చి చూడండి. 1,00,000 లో కామా ఎక్కడ పడుతుందో, లక్ష, కోటి ఏమిటో అమెరికా పుస్తకాలు నేర్పవు.

స్కూల్లో సీటు దగ్గర టీసీ అడుగుతారు. ఒక స్కూలు టీసీ లేదని మా ఫైల్ తెరవనేలేదు. ఇంకో స్కూల్లో చదివిన పుస్తకాల జాబితా, నోటుబుక్కులు చూసి, వాళ్ల టెస్టు పెట్టి చేర్చుకున్నారు. కాబట్టి ప్రతి సబ్జెక్టులో నెలకొక మంచి పేజీ తేదీతో దాచండి. ఇక్కడికొచ్చాక కూడా ఇంట్లోనే చదివిద్దామనుకుంటే ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్, ఉంది. చిన్న తరగతుల కోసం ఉన్న ఓపెన్ బేసిక్‌లో ఎ, బి, సి స్థాయిలు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానం. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి.

ఫ్రిస్కో_ఇద్దరమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, నోట్ల భాగహారం ఇందాకే చేయించాను. చిల్లర మార్చాలని నిజంగా తనే అంది! ఒక్క సందేహం. పాపకి లెక్కలు చెప్తున్నప్పుడు బాబు ఊరుకోడు, వాడికి చెప్తుంటే పాప పరధ్యానంలో పడిపోతుంది. మీరు ముగ్గురితో ఎలా నెట్టుకొచ్చారు?

హ్యూస్టన్_ముగ్గురమ్మ

శభాష్, పాపకి నా ముద్దులు చెప్పు.

పొద్దున టిఫిన్ అవ్వగానే ముందు బాబుని తీసుకో. చిన్నవాళ్లని ముందు కూర్చోబెట్టుకుంటే ఆ తర్వాత గంటసేపు మన జోలికి రారు. పలకలతో పావుగంట, లెక్కలు పావుగంట, అంతే. ఆ సమయంలో పాప వేరే గదిలో తన పుస్తకం చదువుకుంటుంది, అది తన స్కూలు పనే. తర్వాత వాడికి లెగోలు, బంకమట్టి ఉన్న డబ్బా ఇవ్వు. ఆ డబ్బా అక్క లెక్కల సమయంలోనే బయటికి రావాలి, మిగతా రోజంతా అటక మీద ఉండాలి. మా ఇంట్లో దాన్ని కావాలని అడిగి మరీ ఎదురుచూసేవాళ్లు. పాప లెక్కలు అరగంట, ముప్పావుగంట. ఆ తర్వాత ఇద్దర్నీ సోఫాలో చెరో పక్కన కూర్చోబెట్టుకుని చరిత్ర, కథలు చదువు. వింటూ బొమ్మలు వేసుకుంటే వేసుకోనీ. సైన్సు మధ్యాహ్నం, వారానికి రెండుసార్లు చాలు. తెలుగు డిక్టేషన్ వాళ్ల నాన్నకి అప్పజెప్పు, సాయంత్రం.

మూడు గంటల్లోపు అయిపోతుంది. ఏడు గంటల స్కూలు చూసినదానివి కాబట్టి ఇంతేనా అని కంగారు పడతావు. అక్కడ ఇరవైమందికి చెప్తారు, ఇక్కడ ఇద్దరే.

బాక్సు ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. ముందు మ్యాథ్ టెస్టు, లైబ్రరీ. పాప ఏ స్థాయిలో ఆగిందో ఇక్కడ రాయి, ఏ పుస్తకం నుంచి మొదలుపెట్టాలో చూద్దాం.