చర్చ: స్థానిక ఆరోగ్య కేంద్రాల్లో తెచ్చే మార్పులకు పోలిక బృందం తప్పనిసరా?

ప్రజారోగ్య విద్యార్థి:
ఇంటికి పంపిన రోగులు కొద్ది రోజులకే మళ్లీ ఆసుపత్రిలో చేరకుండా చూడడం, ప్రసవ గదిలో తనిఖీ పట్టిక (చేయవలసిన పనులను ఒక్కొక్కటిగా సరిచూసుకునే జాబితా) వాడడం వంటి మార్పులు తెచ్చిన స్థానిక కేంద్రాలు సాధారణంగా ‘ముందు ఇంత, తరువాత ఇంత’ అని రెండు అంకెలతో ఫలితాన్ని ప్రకటిస్తుంటాయి. ఆ మార్పు అందని రోగులతో పోల్చనిదే ఆ అంకెలను నమ్మరాదని కొందరు, చిన్న కేంద్రాలపై పరిశోధన భారం మోపితే ఉన్న చొరవ కూడా పోతుందని మరికొందరు అంటున్నారు. సభ్యులు తమ అభిప్రాయాన్ని కారణాలతో తెలుపగలరు.

గణాంక పరిశోధకుడు:
పోలిక తప్పనిసరి అన్నది నా అభిప్రాయం. అమెరికాలోని కామ్డెన్‌లో, అనేక జబ్బులతో పదేపదే ఆసుపత్రి పాలవుతున్న రోగులను గుర్తించి, నర్సులు, సామాజిక కార్యకర్తలు వారి ఇళ్లకు వెళ్లి మందులు సరిచూసి, వైద్యుల వద్దకు తోడు వెళ్లే కార్యక్రమం ఒకటి నడిచింది. అందులో చేరినవారికి ఆసుపత్రి అవసరం బాగా తగ్గినట్లు కనిపించడంతో దానికి దేశమంతటా పేరు వచ్చింది. తరువాత 800 మందిని లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విభజించి చేసిన ప్రయోగం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. 180 రోజుల్లోపు తిరిగి ఆసుపత్రిలో చేరినవారు కార్యక్రమం అందిన బృందంలో 62.3 శాతం, అందని బృందంలో 61.7 శాతం. ఆసుపత్రి చేరికలు రెండు బృందాల్లోనూ తగ్గాయి. జబ్బు బాగా ముదిరిన సమయంలో ఎంపిక చేసిన రోగులలో చాలామంది, మనం ఏమీ చేయకపోయినా, కొన్ని నెలలకు తమ మామూలు స్థితికి వస్తారు. ‘ముందు–తరువాత’ లెక్క ఆ సహజమైన తగ్గుదలను కూడా మన ఖాతాలోనే వేస్తుంది.

వార్డు నర్సు:
కామ్డెన్ కార్యక్రమం కొత్త ప్రయోగం కనుక దానికి పరీక్ష అవసరమే. కానీ ప్రతి మంచం పక్కన చేతులు శుభ్రపరచుకునే ద్రావణం ఉంచడానికి కూడా సగం మంచాలను వదిలేసి పోల్చి చూడాలా? మేలు చేస్తుందని మరొకచోట ఇప్పటికే తేలినదాన్ని ఇక్కడ సక్రమంగా అమలు చేయడమే మా పని. పైగా చిన్న కేంద్రంలో మరణాలు అరుదు కనుక, ఏడాదంతా లెక్కించినా తేడా తేల్చగలిగినన్ని ఉండవు. మేము నెలనెలా గీసుకునే గీత పటంలో మార్పు ఏ నెలలో మొదలైందో, నిలిచిందో లేదో కనబడుతుంది. రెండు అంకెల కంటే అది చాలా నయం.

గణాంక పరిశోధకుడు:
గీత పటం విషయంలో మీతో ఏకీభవిస్తాను. ‘మరొకచోట తేలింది’ అన్నదే నాకు సందేహం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స తనిఖీ పట్టికను ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో వాడినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురితమైంది. అది కూడా ముందు–తరువాత పోలికే. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు అదే తరహా పట్టికలు ప్రవేశపెట్టగా, మరణాల్లో చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదని 2014లో తేలింది. ఇక ఏ మార్పునైనా అన్ని కేంద్రాలకూ ఒకేసారి అందించడం ఎలాగూ సాధ్యం కాదు. ఏ కేంద్రానికి ముందు, ఏ కేంద్రానికి తరువాత అన్నది పలుకుబడిని బట్టి కాకుండా లాటరీ ద్వారా నిర్ణయిస్తే, ఎవరికీ సేవ నిరాకరించకుండానే పోలిక దొరుకుతుంది.

ప్రసూతి వైద్యురాలు:
పోలిక ఎంత ముఖ్యమో, ఏది కొలుస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. ఉత్తరప్రదేశ్‌లో 120 ప్రసవ కేంద్రాలను తీసుకొని, సగం కేంద్రాల్లో తనిఖీ పట్టికతో పాటు శిక్షకుల తోడ్పాటు అందించిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. సిబ్బంది పాటించే పద్ధతులు స్పష్టంగా మెరుగుపడ్డాయి, కానీ తల్లీబిడ్డల మరణాలు, తల్లులకు వచ్చే తీవ్ర సమస్యలు కలిపి చూస్తే రెండు వైపులా దాదాపు సమానంగానే ఉన్నాయి. పద్ధతులను మాత్రమే కొలిచి ఉంటే దానిని ఘన విజయమనేవారు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్‌ల బృందం 39 గ్రామాల్లో ఇంటివద్దే నవజాత శిశు సంరక్షణ అందించి, 47 గ్రామాలతో పోల్చినప్పుడు, శిశువుల తొలి నెల మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో ప్రచురించారు. అక్కడ లాటరీ లేదు, పోలిక మాత్రం ఉంది. నా దృష్టిలో అసలు తేడా మరొకటి: గడ్చిరోలి ఆరోగ్య కార్యకర్త చేతిలో ఇన్‌ఫెక్షన్ సోకిన శిశువుకు ఇవ్వవలసిన యాంటీబయాటిక్ ఉంది. పట్టిక చేయవలసిన పనిని గుర్తుచేస్తుంది. లేని మందును, రాని అంబులెన్సును తెచ్చిపెట్టదు.

వార్డు నర్సు:
డాక్టరుగారు చెప్పినది మా రోజువారీ అనుభవానికి దగ్గరగా ఉంది. లాటరీ క్రమానికి నాకూ అభ్యంతరం లేదు, కానీ ఒక షరతు. ఆ లెక్కల పనిని నిధులిచ్చేవారే ప్రత్యేక సిబ్బందిని నియమించి చేయించాలి. రాత్రి డ్యూటీ ముగించిన నర్సు చేతికి మరో రిజిస్టరు ఇచ్చి దానినే పరిశోధన అనకూడదు.