1780 అని ఉన్న మరియా థెరిసా వెండి బిళ్ల: బొంబాయిలో కొట్టినదైతే అసలా, నకిలీనా?

బ్రాడీపేట బిళ్ల: నెల క్రితం విజయవాడ వన్‌టౌన్‌లో ఒక దుకాణంలో మరియా థెరిసా థేలర్, అంటే ఆస్ట్రియా రాణి బొమ్మ ఉన్న వెండి నాణెం, కొన్నాను. మీద 1780 అని ఉంది. తెలిసినవారొకరు చూసి, 1940-41లో బొంబాయి టంకశాల కొట్టినదై ఉండవచ్చన్నారు. అంటే నకిలీయే కదా?

లంకభూమి: కాదు. రాణి 1780 నవంబరులోనే పోయింది. ఎర్రసముద్రపు రేవుల్లో వర్తకులు ఆ బొమ్మకూ ఆ ఏటికీ అలవాటుపడ్డారు, మరొకటి ఇస్తే అనుమానించేవారు. అందుకే వియన్నా టంకశాల ఆ సంవత్సరాన్ని మార్చకుండా కొడుతూ వచ్చింది. 1935లో నాణెం కొట్టే అచ్చులు ఇటలీ చేతికి వెళ్లాక లండన్, పారిస్, ఆ తరువాత బొంబాయి కూడా కొట్టాయి. ఎక్కడిదైనా 28 గ్రాముల పైచిలుకే, వెండి వెయ్యికి 833 పాళ్లే.

బ్రాడీపేట బిళ్ల: మనిషి పోయిన 160 ఏళ్లకు కొట్టి 1780 అని వేస్తారా? పాత తేదీతో దస్తావేజు రాస్తే మనల్ని జైల్లో వేస్తారు!

పటమట పాతకాసు: రాసింది సర్కారే అయితే వేయరు లెండి.

లంకభూమి: దస్తావేజుకూ నాణేనికీ పోలికేమిటి? ఆ రేవుల్లో కాఫీ గింజలు అమ్మినవాడు తేదీ చదవలేదు, రాణి బొమ్మ మీద ఉన్న పతకంలోని ముత్యాలు అరిగాయా లేదా అని చూశాడు. ఇంతకీ ఫోటోలో మెరుపు ఎక్కువగా ఉంది. చింతపండుతో తోమారా?

బ్రాడీపేట బిళ్ల: తోమడం సంగతి తరువాత. "రాణిగారి కాలంనాటిది" అని చెప్పి వెండి ధరకు మూడింతలు తీసుకున్నారు. ఇంకొకటి కూడా చెప్తాను. ఆ తెలిసినవారు మీరే, లంకభూమి గారూ! పోయిన ఆదివారం మా అబ్బాయి ముందు "మోసపోయారు" అని నవ్వి, ఇక్కడ అసలుదే అని పాఠం చెప్తున్నారు.

పటమట పాతకాసు: అయ్యో.

లంకభూమి: మోసపోయింది ధరలో అన్నాను. నాణెం అసలుదే, అమ్మినవాడి మాటే అబద్ధం. రెండింటినీ కలిపింది మీరు.

బ్రాడీపేట బిళ్ల: ఆ ముక్క ఆ రోజు చెప్పి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. వాడు ఇప్పటికీ "నాన్నా, నీ దొంగ బిళ్ల" అంటున్నాడు.

లంకభూమి: అబ్బాయి ముందు అనవలసింది కాదు, ఒప్పుకుంటాను. బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్దాం, నేనూ వస్తాను. తోమారా లేదా మాత్రం ఇంకా చెప్పలేదు.

బ్రాడీపేట బిళ్ల: మా ఆవిడ తోమింది.