క్లాసులో అంతా అర్థమవుతుంది, పరీక్షలో చెయ్యి ఆడదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఖాళీపేజీ:

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్ నడుస్తోంది. మొన్న సర్క్యూట్స్ మిడ్ పేపర్లు దిద్ది ఇచ్చారు. నాకు 100కి 31. స్కూల్లో లెక్కల్లో 90 కంటే తగ్గిన గుర్తు లేదు. పేపర్ నాదేనా అని రోల్ నంబర్ రెండుసార్లు చూసుకున్నాను.

చదవకపోతే వచ్చిన మార్కులైతే ఇంత బాధ ఉండేది కాదు. ఒక్క లెక్చర్ మానలేదు. సార్ బోర్డు మీద రాసిందంతా రాసుకుంటాను, చెబుతున్నప్పుడు అర్థమవుతుంది కూడా. 5 సబ్జెక్టులు, వారానికి 4 ప్రాబ్లం షీట్లు. ఒక్కో లెక్క మీద పది పదిహేను నిమిషాలు కూర్చుంటాను. కదలకపోతే పాత బ్యాచ్ వాళ్ల సొల్యూషన్ తీస్తాను. చదివితే ప్రతి లైనూ అర్థమవుతుంది. దాన్ని నీట్‌గా రాసి ఇచ్చేస్తాను. షీట్లలో 10కి 9 తగ్గవు.

మిడ్‌లో వచ్చిన లెక్క ఇది. 10 వోల్టుల సోర్స్, దానికి స్విచ్, ఆ తర్వాత సిరీస్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్. ఆ పక్కన 4 కిలో ఓమ్ రెసిస్టర్, దానికి పారలల్‌గా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్. చాలాసేపటి నుంచి మూసి ఉన్న స్విచ్‌ని ఒక్కసారిగా తెరిచారు. అక్కడి నుంచి కెపాసిటర్ వోల్టేజ్ ఎలా మారుతుంది? షీట్‌లో నేను రాసింది స్విచ్ మూసే లెక్క. ఇక్కడ తెరిచారు. అంతే, బుర్ర పనిచేయలేదు. 10 వోల్టులతో మొదలవుతుందని, టైమ్ కాన్‌స్టంట్ (ఆ వోల్టేజ్ ఎంత వేగంగా మారుతుందో చెప్పే కాలం) 5 మిల్లీసెకన్లని ఏదో రాసి వచ్చాను. 20కి 3 వేశారు.

ఇప్పుడు రోజూ రాత్రి రెండు దాకా కూర్చుంటున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. పక్కవాళ్లందరికీ వస్తోంది, నాకే రావట్లేదు అనే టెన్షన్ ఒకటి. ఈ చదువుకి నేను సరిపోనేమో అనిపిస్తోంది. అన్నలూ అక్కలూ, మీ తమ్ముడనుకుని చెప్పండి.

పాతటీఏ:

తమ్ముడూ, టీఏగా, అంటే ప్రొఫెసర్‌కి సాయంగా ఉండే టీచింగ్ అసిస్టెంట్‌గా, మొదటి ఏడాది సర్క్యూట్స్ పేపర్లు 3 ఏళ్లు దిద్దాను. నువ్వు రాసిన జవాబు కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. అది తెలివి తక్కువై రాసింది కాదు. ముందు లెక్క సంగతి చూద్దాం.

స్విచ్ చాలాసేపు మూసి ఉంది అంటే కెపాసిటర్ నిండిపోయింది, దానిలోంచి ఇక కరెంట్ పోదు. దాన్ని తీసేసినట్టే అనుకో. మిగిలేవి 1 కిలో ఓమ్, 4 కిలో ఓమ్. 10 వోల్టులు ఆ రెండింటి మధ్య పంచుకుంటాయి, 4 కిలో ఓమ్ మీద 8 వోల్టులు పడతాయి. కెపాసిటర్ దానికి పారలల్‌గా ఉంది కాబట్టి దాని మీదా 8 వోల్టులే. స్విచ్ తెరిచిన క్షణంలో ఆ 8 ఎక్కడికీ పోదు. కెపాసిటర్ వోల్టేజ్ ఒక్కసారిగా గెంతాలంటే అంతులేని కరెంట్ కావాలి, అది ఇక్కడ లేదు. ఇప్పుడు ఆ చార్జ్ బయటికి పోవడానికి దారి ఏది? 1 కిలో ఓమ్ వైపు స్విచ్ తెరిచి ఉంది, అటు దారి లేదు. మిగిలింది 4 కిలో ఓమ్ ఒక్కటే. 4 కిలో ఓమ్‌ని 1 మైక్రోఫారడ్‌తో గుణిస్తే 4 మిల్లీసెకన్లు, అదే టైమ్ కాన్‌స్టంట్. అంటే 8 నుంచి మొదలై, 4 మిల్లీసెకన్లకి దాదాపు 2.94 వోల్టులకి దిగుతుంది.

నీ 5 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 1నీ 4నీ కలిపావు, ఎందుకంటే కాగితం మీద రెండూ కనిపిస్తున్నాయి.

పైన నేను వాడిన ఫార్ములాలన్నీ నీకు వచ్చు. నువ్వు వేసుకోనివి ప్రశ్నలు: తెరవకముందు ఏం జరుగుతోంది, తెరిచిన క్షణంలో ఏది మారదు, ఆ తర్వాత దారి ఏది. సొల్యూషన్‌లో ఈ ప్రశ్నలు కనిపించవు, వాటికి జవాబులే కనిపిస్తాయి. మొదటి లైను రాసేలోపే అసలు కష్టం ఇంకెవరో పడిపోయి ఉంటారు. నువ్వు చదివేది ఆ కష్టం అయిపోయాక మిగిలిన కాగితం. అందుకే ప్రతి లైనూ అర్థమవుతుంది, ఒక్క లైనూ నీ అంతట నీకు రాదు.

చదవగానే వచ్చేసిందనిపించడం అందరికీ జరిగేదే. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులకి చిన్న వ్యాసాలు ఇచ్చి చూశారు. కొందరు దాన్నే రెండోసారి చదివారు, కొందరు మూసేసి గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది: మూసి రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకి 42 శాతం. నీ షీటుకీ నీ మిడ్‌కీ మధ్య జరిగింది ఇదే అని నా నమ్మకం.

నా సంగతి చెబుతాను. మొదటి ఏడాది మ్యాథ్స్‌లో లిమిట్స్ ప్రూఫులు నా నోట్‌బుక్‌లో ముత్యాల్లా ఉండేవి. మిడ్ పోయాక ప్రొఫెసర్ గది దగ్గర చాలాసేపు నిలబడి, ధైర్యం చేసి లోపలికి వెళ్లాను. "మేడమ్, నాకన్నీ వచ్చు, పరీక్షలో మర్చిపోతున్నాను" అన్నాను. ఆవిడ నా నోట్‌బుక్ మూసి టేబుల్ మీద పెట్టి, చేతికి చాక్‌పీస్ ఇచ్చారు. మొదటి లైను రాశాను. రెండోది రాలేదు. ఆవిడ ఏమీ అనలేదు, కుర్చీ బోర్డు వైపు తిప్పుకుని కూర్చున్నారు. నా చెమటకి చాక్‌పీస్ తడిసి గీత పడటం మానేసింది. అప్పుడు అడిగారు, "నీకు ఇచ్చింది ఏమిటి, కావలసింది ఏమిటి, ఆ రెండే రాయి" అని. ఆ ఒక్క ప్రూఫుకి అరగంట పట్టింది. ఇన్నేళ్లయినా దాన్ని నిద్రలో లేపి అడిగినా రాస్తాను.

ఆ రోజు నుంచి షీట్ ముందు తెల్లకాగితం, పెన్ను తప్ప ఏమీ పెట్టుకోలేదు. ఒక్కో లెక్కకి 40 నిమిషాలు. కదలకపోతే, "ఇక్కడ ఆగాను, ఎందుకంటే స్విచ్ తెరిచాక ఏ రెసిస్టర్ లెక్కలోకి వస్తుందో తెలియడం లేదు" అని ఒక వాక్యం రాసేదాన్ని. ఆ వాక్యం పట్టుకుని టీఏ దగ్గరికి వెళ్లు. ఎదురుగా కూర్చున్న దాన్ని కాబట్టి చెబుతున్నాను, "నాకేమీ అర్థం కాలేదు" అంటే మాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అదే ఆ వాక్యంతో వస్తే రెండు నిమిషాల్లో ముడి విడిపోతుంది. సొల్యూషన్ చూడక తప్పదనుకుంటే ఒక్క లైను చూసి మూసెయ్యి. మర్నాడు అదే లెక్క మళ్లీ ఖాళీ కాగితం మీద చెయ్యి. వచ్చాక లెక్కని మార్చు: స్విచ్‌ని ఇంకో చోట పెట్టు, తెరిచినదాన్ని మళ్లీ మూసి చూడు.

పేపర్ ఇచ్చేముందు యూనిట్లు కూడా చూసుకో. ఓమ్‌ని ఫారడ్‌తో గుణిస్తే సెకన్లు వస్తాయి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు. ఇది అలవాటు లేక మార్కులు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

రెండోసారి:

చదువు సంగతి అక్క చెప్పారు. నేను మిగతాది చెబుతాను. నాకు మొదటి ఏడాదిలో రెండు సబ్జెక్టులు పోయాయి, మళ్లీ రాసి పాసయ్యాను. ఇప్పుడు ఆఖరి సంవత్సరం.

ముందు నిద్ర. పగలు నేర్చుకున్నది బుర్రలో స్థిరపడేది నిద్రలోనే. రెండింటి దాకా కూర్చుని పొద్దున్న లెక్చర్‌లో కునికితే రెండూ పోతాయి. పన్నెండుకి పుస్తకం మూసేయాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. మొదటి వారం దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది, తర్వాత సర్దుకుంది.

ఇంట్లో చెప్పు. నేను 4 నెలలు దాచాను. ఫోన్ మోగితే గుండె దడదడలాడేది, "బాగానే ఉంది నాన్నా" అని పెట్టేసేదాన్ని. చివరికి రిజల్ట్స్ వచ్చాక చెప్పాల్సి వచ్చింది. నాన్న మార్కుల గురించి ఒక్క మాట అనలేదు. "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా" అన్నారు. ఆ మాటకి ఏడ్చినంతగా ఫెయిలైనప్పుడు కూడా ఏడవలేదు.

పక్కవాళ్లకి వస్తోంది అన్నావు. రావట్లేదని ఎవరూ పైకి చెప్పరు, నువ్వు చెప్పావా? మొదటి సెమిస్టర్‌లో అందరూ తడబడతారని యూనివర్సిటీలకీ తెలుసు. ఎంఐటీలో కొత్తగా చేరినవాళ్లకి మొదటి సెమిస్టర్‌లో గ్రేడ్లే ఉండవు, పాస్ అయితే పాస్ అని వేస్తారు, పోతే బయటికి ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ సబ్జెక్ట్ కనిపించదు. మీ దగ్గర అలా లేకపోవచ్చు. కానీ సబ్జెక్ట్ వదులుకునే గడువు ఒకటి ఉంటుంది, ఆ తేదీ ఇవాళే కనుక్కో. నాకు తెలిసేసరికి గడువు దాటి 2 రోజులైంది.

తిండి, నిద్ర పోయి ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే మాత్రం మార్కుల కోసం ఆగకు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు. నేను వెళ్లాను.

గుంపులోఒకడు:

పాతటీఏ అక్క మాటతో ఒక్క చోట ఏకీభవించను. 5 సబ్జెక్టులున్నవాడికి ప్రతి లెక్క మీదా 40 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? వారానికి 4 షీట్లు, షీటుకి 6 లెక్కలే అనుకున్నా 16 గంటలు. లెక్చర్లు, ల్యాబ్ రికార్డులు వేరే. నేను మొదటి నెలలో అలా చేసి మూడో వారానికి చేతులెత్తేశాను.

మేం నలుగురం ఇలా చేశాం. షీటులో బాగా కొత్తగా అనిపించిన రెండు లెక్కలు ఎవరికి వాళ్లే కుస్తీ పట్టాలి. మిగతావి కలిసి, బోర్డు దగ్గర. కట్టుబాటు ఒక్కటే: ఎవరూ కాగితం చూపించకూడదు, నోటితో చెప్పాలి. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయావంటే అది నీకు రానట్టే, వినేవాళ్ల కంటే ముందు నీకే తెలిసిపోతుంది.

స్నేహితుల నోట్సు చూడటాన్ని తప్పుగా కూడా అనుకోకు. ఐన్‌స్టీన్ జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో 1896 నుంచి 1900 దాకా చదివాడు, చాలా క్లాసులకి వెళ్లేవాడు కాదు. పరీక్షలకి తోటి విద్యార్థి మార్సెల్ గ్రాస్‌మన్ నోట్సుతోనే తయారయ్యాడు. అయితే మానేసిన గంటల్లో ఫిజిక్స్ పుస్తకాలు తనంతట తాను చదువుకున్నాడు.

పాతటీఏ:

16 గంటల లెక్క నిజమే. రెండు లెక్కలు ఒంటరిగా, మిగతావి బోర్డు దగ్గర అన్నది నేను చెప్పినదానికంటే నయం. తమ్ముడూ, అలాగే చెయ్యి. కాకపోతే ఆ రెండూ గ్రూపులో కూర్చోకముందే అయిపోవాలి. తర్వాత అంటే అవి ఎప్పటికీ కావు.

ఖాళీపేజీ:

12 రోజులైంది. అందరికీ విడివిడిగా జవాబు రాయలేకపోయాను, మన్నించండి.

ఆదివారం నాన్నకి చెప్పాను. సబ్జెక్ట్ వదిలే గడువు ఇంకా 9 రోజులుంది, కానీ వదలదలచుకోలేదు. మా ఫ్లోర్‌లో నాకు 31 అని చెప్పగానే పక్క రూమ్‌వాడు తనకి 27 అన్నాడు. ఇప్పుడు మేం ముగ్గురం రాత్రి పదింటిదాకా బోర్డు దగ్గర కూర్చుంటున్నాం.

ఒంటరిగా చేసే రెండు లెక్కలు చాలా కష్టంగా ఉన్నాయి. మొదటి రోజు 40 నిమిషాల్లో బొమ్మ గీయడం తప్ప ఏమీ కాలేదు. కానీ ఆగిన చోట వాక్యం రాసి టీఏకి చూపిస్తే, ఆయన అది చదివి, "ఆ క్షణంలో ఏది మారదు?" అని మాత్రం అడిగారు. మిగతాది నేనే చేశాను. ఈ వారం షీటులో 10కి 6 వచ్చాయి, అన్నీ నావే.

అక్కా, మీరన్నట్టు మిడ్ లెక్కని మార్చి చూశాను. స్విచ్ తెరిచి, కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యాక మళ్లీ మూశాను. 8 వోల్టుల వైపే పోతోంది, కానీ టైమ్ కాన్‌స్టంట్ ఈసారి 4 రాలేదు, 0.8 మిల్లీసెకన్లు వచ్చింది. ఖాళీ అవడానికి అంతసేపు పట్టి, నిండటానికి ఇంత తక్కువ ఎందుకని రాత్రంతా అదే ఆలోచన. సోర్స్‌ని తీగలా అనుకుంటే కెపాసిటర్‌కి 1, 4 రెండూ పారలల్‌గా కనిపిస్తాయి, రెండు దారులున్నాయి కాబట్టి అని రాసుకున్నాను. సరేనా?

పాతటీఏ:

సరే. ఇప్పుడు పూర్తిగా ఖాళీ కాకముందే, తెరిచిన 4 మిల్లీసెకన్లకే మూసి చూడు. ఎక్కడ మొదలవుతుందో చెప్పు.