పైగది వేడి, కింద హాలు చలి: గ్రిల్స్ మూయాలా వద్దా?

మేడమీద:
ఇల్లంతటికీ ఒకటే డక్టెడ్ ఏసీ (చల్లగాలి డక్టులనే గొట్టాల్లోంచి గదులకి వెళ్లేది), 3 టన్నులు. థర్మోస్టాట్ కింద హాల్లో, 24 మీద పెట్టి ఉంది. హాల్లో 23.5 ఉన్నప్పుడు పైన పడమటి గదిలో 28. ఆ గదికి వెళ్లేది ఒకే ఒక్క 6 అంగుళాల ఫ్లెక్స్ డక్ట్, అంటే ఎటైనా వంగే మెత్తటి గొట్టం. కింద గాలి వచ్చే గ్రిల్స్ సగం మూస్తే గాలి పైకి ఎక్కుతుందని ఒకరన్నారు, మూస్తే కంప్రెసర్ పోతుందని ఇంకొకరు. ముయ్యాలా, వద్దా?

పానాపట్టు:
మూయండి. కాకపోతే గ్రిల్ దగ్గర కాదు, ఈల వేసినట్టు మోత వస్తుంది. మెయిన్ డక్ట్ నుంచి హాలు కొమ్మ చీలే చోట డ్యాంపర్ (గాలిని అడ్డుకునే లోపలి రేకు) పిడి ఉంటుంది. పిడి డక్ట్ పొడవునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఇప్పుడున్న చోట మార్కర్‌తో గీత పెట్టి, పావు వంతు మాత్రమే తిప్పి నట్టు బిగించండి. ఒక రోజంతా నడవనిచ్చి పైన ఎంత తగ్గిందో చూసి, అప్పుడు ఇంకో పావు. అంతకు మించి వద్దు.

ఊదుడుగొట్టం:
ముందు ఫిల్టర్ చూశారా?

కొలతబద్ద:
వద్దు. ఏ దగ్గరా మూయొద్దు. టన్నుకి దాదాపు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి చల్లబరిచే కాయిల్ మీదుగా పోవాలి, అంటే మీకు 1200. దారి మూస్తే ఆ గాలి మొత్తం పైకి పోదు. డక్ట్‌లో ఒత్తిడి పెరిగి, బ్లోయర్‌కి (గాలి నెట్టే ఫ్యాన్‌కి) మామూలు మోటారైతే గాలి తగ్గిపోతుంది. ఈసీఎం మోటారైతే (వేగం తనే మార్చుకునేది) తగ్గిన గాలిని రాబట్టడానికి వేగం పెంచుకుని కరెంటు ఎక్కువ లాగుతుంది. కీళ్ల దగ్గర కారే గాలి రెండు రకాల్లోనూ పెరుగుతుంది. గాలి మరీ తగ్గితే కాయిల్ సున్నా కిందకి దిగి మంచు కడుతుంది, ఆవిరి కాని ఏసీ గ్యాస్ ద్రవంగానే కంప్రెసర్‌లోకి వెళ్తుంది. ఆ ఇంకొకరు భయపెట్టింది దీని గురించే.

పానాపట్టు:
పావు వంతు డ్యాంపర్‌కి మంచు కట్టదండీ. ఇంట్లో గ్రిల్స్ అన్నీ మూస్తే కడుతుంది. మరి డ్యాంపర్ అనే వస్తువు ఎందుకు పెట్టారంటారు, అలంకారానికా?

కొలతబద్ద:
కొలిచి తిప్పడానికి పెట్టారు. యూనిట్‌లోకి గాలి వెళ్లే చోట, ఫిల్టర్ దాటాక, ఒక చిన్న రంధ్రం. యూనిట్ దాటిన వెంటనే డక్ట్‌లో ఇంకొకటి. డ్రిల్ కాయిల్‌కి తగలకూడదు. మానోమీటర్‌లో (గాలి ఒత్తిడి కొలిచేది) ఒకటి మైనస్, ఒకటి ప్లస్ చూపిస్తుంది. గుర్తులు వదిలేసి రెండూ కలపండి. చాలా యూనిట్లకి పరిమితి 0.5 అంగుళాల నీటి ఒత్తిడి, అంటే 125 పాస్కల్. మీ యూనిట్ పలకమీద ఎంత రాసి ఉందో అదే లెక్క. ఇప్పటికే దాన్ని దాటి ఉంటే ఆ పావు వంతు కూడా ఎక్కువే. చూడకుండా తిప్పమనడం చీకట్లో సూది దారం ఎక్కించడం.

నీడపట్టు:
థర్మోస్టాట్ పైకి మార్చేస్తే సరిపోదా?

పానాపట్టు:
@నీడపట్టు పైన 24 వచ్చేదాకా మిషన్ ఆగదు, కింద 20కి పోతుంది. రోగం ఒక గది నుంచి ఇంకో గదికి మారుతుందంతే. మార్చకపోయినా, దాని వెనక గోడలో వైరు వచ్చే రంధ్రాన్ని సీలెంట్‌తో పూడ్చండి. అందులోంచి వేడి గాలి తగిలినా, చల్లగాలి తగిలినా థర్మోస్టాట్ తప్పు చదువుతుంది.

మేడమీద:
ఫిల్టర్ కొత్తదే. మానోమీటర్ లేదు. గాలి వేగం చూసే మీటర్ ఉంది. పైగది గ్రిల్ దగ్గర లెక్కేస్తే తలుపు తీసి ఉంటే 95 సీఎఫ్ఎం, మూస్తే 70. తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లు, కింద సందు ఒక సెంటీమీటర్. గాలి మళ్లీ యూనిట్‌లోకి వెళ్లే రిటర్న్ గ్రిల్ ఒక్కటే, మెట్ల దగ్గర.

కొలతబద్ద:
ఇదిగో దొరికింది! గదిలోకి వెళ్లిన గాలి బయటికి రావాలి కదా, వచ్చే దారేది? తలుపు మూస్తే గదిలో ఒత్తిడి పెరిగి గ్రిల్‌నే వెనక్కి నెడుతోంది. గదికీ వరండాకీ మధ్య తేడా 3 పాస్కల్ దాటకూడదు. మీ సందు 80 చదరపు సెంటీమీటర్లు, 3 పాస్కల్ దగ్గర దాంట్లోంచి 25 సీఎఫ్ఎం పోతే గొప్ప. సందు రెండు సెంటీమీటర్లు చేసినా 50 దగ్గర ఆగుతుంది. తలుపు పైన గోడలో 30 బై 20 సెంటీమీటర్ల ట్రాన్స్‌ఫర్ గ్రిల్ (గది గాలి వరండాలోకి పోయే జాలీ) పెట్టండి. రెక్కలు పోగా 390 చదరపు సెంటీమీటర్ల దాకా మిగులుతుంది, 120 సీఎఫ్ఎం హాయిగా పోతుంది. మాటలు వినబడకూడదంటే రెండు గ్రిల్స్‌నీ సీలింగ్ మీదుగా వంపు తిరిగిన డక్ట్‌తో కలపండి.

పానాపట్టు:
బాగుంది, పెట్టమనండి. దాంతో 70 కాస్తా 95 అవుతుంది. తలుపు తీసి ఉన్నా 95 దాటడం లేదని ఆయనే రాశారుగా! తలుపు తీసి ఉంటే గది చల్లబడుతోందా మరి? అది అడిగారా?

కొలతబద్ద:
అడిగే పనిలోనే ఉన్నాను. మీలా ముందు పానా తీసి తర్వాత ఆలోచించను.

పానాపట్టు:
పానా పట్టుకునేవాడు లేకపోతే మీ పాస్కల్స్ కాగితం మీదే చల్లబడతాయి సార్. డక్ట్ సైజు తప్పు వేసేది ఒకరు, ఫ్లెక్స్‌ని పాములా మెలికలు తిప్పి పడేసేది ఇంకొకరు, తిట్లు తినేది సర్వీసుకి వెళ్లినవాడు. ఉన్నదాంతో ఈ ఎండల్లో ఆ గదిలో మనిషి పడుకునేలా చేయాలి, అప్పుడు మా చేతిలో ఉండేది ఆ డ్యాంపర్ ఒక్కటే. మీకు మిషన్ బాగుండాలి, అంతే. లోపల మనిషి ఉడికినా పర్వాలేదు!

కొలతబద్ద:
మిషన్ పోతే ఇల్లంతా ఉడుకుతుంది. మీ ‘ఉన్నదాంతో’ వల్లే ఏ లోపమూ ఎప్పటికీ బయటపడదు.

ఊదుడుగొట్టం:
ఇద్దరూ కాస్త ఫ్యాన్ వేసుకోండి 🙂

శ్లాబుకింద:
ఇందాకటి నుంచి చూస్తున్నా, ఎవరూ టైం అడగలేదు. @మేడమీద, 28 ఎప్పుడు? పొద్దున ఎంత?

మేడమీద:
పొద్దున 6కి పైన 24.5, కింద 24. మధ్యాహ్నం 3 నుంచి ఎక్కుతూ పోయి, రాత్రి 10 దాటాక దిగుతుంది. తలుపు తీసి ఉంచినా 27కి తగ్గదు.

శ్లాబుకింద:
అయితే మీ ఇద్దరి పోట్లాట డ్యాంపర్ గురించి కాదు. పొద్దున సరిపోయే పంపకం సాయంత్రానికి సరిపోదు. కాంక్రీటు పగలంతా వేడి తాగి, ఎండ పోయాక గదిలోకి వదులుతుంది. 95 సీఎఫ్ఎం అంటే సెకనుకి 45 లీటర్లు. గది 24, గ్రిల్ గాలి 14 అనుకుంటే 1.2 x 45 x 10 = 540 వాట్లు. అంతకు మించి ఆ గాలి మోయలేదు. పైన శ్లాబు, పక్కన పడమటి గోడ, కిటికీ ఉన్న గదికి సాయంత్రం దీనికి రెట్టింపు సులువుగా కావాలి. 6 అంగుళాల ఫ్లెక్స్ వంద దగ్గరే ఆయాసపడుతుంది, 8 అంగుళాలదైతే రెట్టింపు మోస్తుంది.

పానాపట్టు:
నేను చెప్పేదీ అదే. ఒక్క థర్మోస్టాట్‌తో రోజంతా రెండంతస్తులూ సమంగా ఉండవు. వేసవికి ఒక గీత, చలికాలానికి ఒక గీత, డ్యాంపర్ మీద రెండూ పెట్టుకోవాలి. సాయంత్రం హాలు 25 అయినా సర్దుకోవాలి.

కొలతబద్ద:
హాల్లో వాళ్లు ఎందుకు సర్దుకోవాలి అన్నదే నా గొడవ. డక్ట్ మార్చొచ్చు కదా.

పానాపట్టు:
ఇది ముందే అనుంటే నాలుగు పోస్టులు మిగిలేవి.

నీడపట్టు:
జోనింగ్ పెడితే? మోటారు డ్యాంపర్లు, పైకి వేరే థర్మోస్టాట్?

కొలతబద్ద:
పెట్టొచ్చు, బ్లోయర్ వేగం తగ్గించుకోగల ఇన్వర్టర్ యూనిట్ అయితేనే. ఒకే వేగంతో నడిచేదానికి బైపాస్ పెట్టి చల్లగాలిని మళ్లీ రిటర్న్‌లోకి వదిలితే తిరిగి తిరిగి మంచు దగ్గరికే వస్తాం.

శ్లాబుకింద:
@మేడమీద, ముందు సీలింగ్ పైకెక్కి ఆ ఫ్లెక్స్ చూడండి. లాగి బిగువుగా ఉండాలి, మిగిలిన పొడవు కోసేయాలి. 1.2 మీటర్లకి ఒక ఆధారం, వెడల్పు పట్టీతో. సన్న తీగతో కడితే గొంతు నొక్కినట్టు అవుతుంది. కీళ్లకి మాస్టిక్ (సందులు మూసే ముద్ద) పూయండి, గుడ్డ టేపు వేడికి జిగురు ఎండి ఊడిపోతుంది. మళ్లీ గాలి కొలవండి. 95 దగ్గరే ఉంటే 8 అంగుళాలది. శ్లాబు మీద తెల్ల కూల్ కోటింగ్, పడమటి కిటికీకి బయటి వైపు నీడ. కర్టెన్ లెక్కలోకి రాదు, అప్పటికే ఎండ అద్దం దాటేసి ఉంటుంది.

మేడమీద:
ఎక్కి చూశాను. డక్ట్ గది మూల దగ్గర దూలం మీంచి వంగి, సగానికి నలిగి ఉంది. కనీసం ఒక మీటరు మిగులు పొడవు చుట్టచుట్టి పెట్టారు. అది కోసి సరిచేసి మళ్లీ కొలుస్తాను. అంతవరకు ఈ రాత్రికి డ్యాంపర్ పావు వంతు తిప్పనా?

పానాపట్టు:
తిప్పండి.

కొలతబద్ద:
వద్దు.