వాగు తేటగానే ఉంది, చేపలెందుకు చస్తున్నాయి? (పటాన్‌చెరు వైపు వాళ్లు చెప్పండి)

చెరువుకట్ట:
మాది నక్కవాగు పక్క ఊరు. పోయిన వారం రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి కట్ట మీదికి పోతే బొచ్చెలు, రవ్వలు నోళ్లు తెరుచుకుని ఒడ్డుకొస్తున్నాయి. మధ్యాహ్నానికి తెల్లగా తేలాయి. చూడటానికి వచ్చినాయన ‘ఆక్సిజన్ తగ్గింది’ అని చెప్పి వెళ్లిపోయాడు. ఇప్పుడు నీళ్లు తేటగా ఉన్నాయి. మళ్లీ చేపపిల్లల్ని వదలొచ్చా?

వలతాడు:
తమ్మీ, కొర్రమట్టలు కూడా చచ్చాయా? అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప. ఒట్టి ఆక్సిజన్ తగ్గితే అంత తొందరగా చావదు.

చెరువుకట్ట:
చచ్చాయన్నా. జానెడు పిల్లల దగ్గర్నుంచి.

వలతాడు:
అయితే వానతో పాటు ఇంకేదో వచ్చింది. 2017లో గండిగూడెం చెరువులో కూడా ఇట్లనే కుప్పలుగా తేలాయి. మేం వాగులో వల లాగితే అడుగు నుంచి తారులాంటి జిగురు వచ్చేది, ఎంత ఉతికినా పోదు. ఆ చేప చూడ్డానికి మంచిగానే ఉంటుంది. పులుసు కాగేటప్పుడు మూత తీస్తే మందుల షాపు వాసన!

సీసా_మూత:
ల్యాబ్‌లో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగునీళ్లు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ తేలింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. తర్వాత దిగువ బురదలోనూ దొరికింది. ఇలాంటి మందులు, లోహాలు బురదకు అతుక్కుంటాయి. పైన నీళ్లు మారినా అడుగు మారదు, వరదకు కలకబారితే మళ్లీ పైకి లేస్తుంది. అందుకే ముందు బురద పరీక్ష, తర్వాతే పిల్లలు.

వలతాడు:
1990లోనే సుప్రీంకోర్టుకు పోయిన సంగతి ఇది. ఈ కాలుష్యం మీద పోరాడిన పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి తిరిగారు. ఇంకా చేపల లెక్క మనమే పెట్టుకుంటున్నాం.

సీసా_మూత:
ఈసారి జరిగితే గంటల్లోనే గాజు సీసాలో నీళ్లు పట్టండి. కొన ఊపిరితో ఉన్న చేపల్ని ఐసులో పెట్టండి, కుళ్లినవి పనికిరావు. పంచనామా రాయించి, టైము వేసి, సంతకం తీసుకోండి.

చెరువుకట్ట:
ఆ రోజు మా ఆవిడ తిట్టినా వినకుండా నాలుగు బొచ్చెలు ఫ్రిజ్ పైఅరలో పడేశా. గడ్డకట్టి ఉన్నాయి. పనికొస్తాయా?

సీసా_మూత:
తియ్యకండి! మెసేజ్ పెడుతున్నా.