వీర్యకణాల కౌంట్ బాగుంది, ఎంజైమ్ తక్కువంట. ఐయూఐ సరిపోతుందా, ఇక్సీకి వెళ్లాలా?

నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాను. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరు. నా భార్య రిపోర్టులన్నీ నార్మల్ (అయినా ఊళ్లో మాటలు పడేది తనే). నాకు కౌంట్ మిల్లీలీటరుకు 4 కోట్లు, కదలిక 50 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస స్థాయిలు 1.6 కోట్లు, 42 శాతమే కాబట్టి ధీమాగా ఉన్నాం. తీరా అక్రోసిన్ పరీక్షలో తక్కువని వచ్చింది. వీర్యకణం తల మీద టోపీలా ఉండే సంచిలోని ఎంజైమ్ అది, అండం చుట్టూ ఉన్న పొరను దాటడానికి సాయపడుతుందట.

ఒక డాక్టరుగారు ఐయూఐ (వీర్యాన్ని శుభ్రం చేసి నేరుగా గర్భాశయంలోకి పంపడం) అన్నారు, ఇంకొకరు నేరుగా ఇక్సీ అంటున్నారు. ఇక్సీలో కణాన్ని సూదితో అండంలోకే ఎక్కిస్తారు కాబట్టి ఆ పొర గొడవే ఉండదు. కానీ ఖర్చు! ఈ పంట చేతికొస్తే తప్ప నావల్ల కాదు. ఈ ఒక్క రిపోర్టు నమ్మి అంత దూరం వెళ్లొచ్చా? కొత్త కణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కదా, సిగరెట్లు మానేసి అప్పటిదాకా ఆగి మళ్లీ చేయిస్తే మారుతుందా? దయచేసి పొడులు, లేహ్యాలు చెప్పకండి, అవన్నీ అయిపోయాయి. రాజమండ్రి, కాకినాడ వైపు ఈ పరీక్ష నమ్మకంగా చేసే ల్యాబ్ ఎవరికైనా తెలుసా?