ఐదేళ్లు షెడ్డులో పడున్న ఇంపల్స్: ముందు ఏది విప్పాలి?

ఎర్రమట్టి:
2013 మోడల్ హీరో ఇంపల్స్ బైకు. ఐదేళ్లుగా షెడ్డులోనే ఉంది, ట్యాంకులో సగం పెట్రోలుతో. బ్యాటరీ చచ్చింది. కిక్ దిగుతోంది గానీ బండి అంటుకోవట్లేదు. కొత్త పెట్రోలు పోసి పదిసార్లు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. పానాల సెట్టు, ప్లగ్గు పానా, మల్టీమీటరు ఉన్నాయి. అనుభవం సున్నా. అనంతగిరి మట్టిదారుల్లో తిప్పుకుందామని ఆశ. ఎక్కడ మొదలెట్టాలి?

ప్లగ్గుపానా:
ముందు కిక్ కొట్టడం ఆపండి. ఇన్నాళ్లు కదలని సిలిండర్ గోడకి ఆయిల్ పొర ఉండదు. సన్నగా తుప్పు పట్టి ఉంటే పిస్టన్ రింగులు గోడని గీసేస్తాయి.

ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము గాలితో ఊదేశాకే ప్లగ్గు విప్పండి, లేకపోతే అదంతా లోపలికే పోతుంది. ఆ రంధ్రంలో ఒక టీస్పూను ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ప్లగ్గు లేకుండానే కిక్‌ని చేత్తో మెల్లగా నాలుగైదు సార్లు దించండి. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టొద్దు, ఇంకోసారి ఆయిల్ పోసి ఆగండి.

తర్వాత బ్యాటరీ. ఛార్జింగ్ పెట్టి తీశాక కొన్ని గంటలాగి చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటే తక్కువుంటే దానితో కుస్తీ పట్టకండి, కొత్తది కొనండి. స్పార్క్ చూడాలంటే ప్లగ్గుని దాని వైరు చివరున్న క్యాప్‌లో పెట్టి, మర భాగాన్ని ఇంజన్ లోహానికి ఆనించి కిక్ కొట్టాలి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకోండి, అందులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. స్పార్క్ లేకపోతే ప్లగ్గు మార్చండి. అప్పటికీ లేకపోతే క్యాప్ తిప్పి ఊడదీసి, వైరు చివర అర సెంటీమీటరు కోసి మళ్లీ బిగించండి. సీడీఐ (స్పార్క్‌కి కరెంటు పంపే పెట్టె) మీద అనుమానం ఆఖర్న పెట్టుకోండి.

జెట్టుసైజు:
స్పార్క్ వచ్చినా తొంభై శాతం కార్బురేటరే (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపేది) అయ్యుంటుంది. కొత్త పెట్రోలు పాతదాని మీదే పోశారా? పోసుంటే మొత్తం దించేయండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీలుస్తుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. ట్యాంకుకి పెట్రోలు ట్యాపు ఉండేది కూడా అడుగునే, కాబట్టి కార్బురేటర్‌కి ముందు అందేది ఆ నీళ్లే.

కార్బురేటర్ దించి కింద గిన్నె విప్పండి. పచ్చటి జిగురో, గట్టి బెల్లప్పాకం లాంటిదో కనిపిస్తుంది. జెట్టులంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు. పెద్ద జెట్టు కంటే, ఐడిల్‌లో పెట్రోలిచ్చే పైలట్ జెట్టే మూసుకుపోతుంది, దాని రంధ్రం వెంట్రుకంత. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే గుండ్రటి చుక్క స్పష్టంగా కనబడాలి. సూదీ గుండుసూదీ దూర్చొద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే జెట్టు పనికిరాదు. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టండి, మరీ మొండికేస్తే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు వాడండి. రబ్బరు రింగులు, డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) ముందే తీసి పక్కన పెట్టండి, క్లీనర్ తగిలితే ఉబ్బుతాయి.

మిక్స్‌చర్ స్క్రూ (గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసేది) తీసేముందు మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

తుప్పుకు_విరుగుడు:
ట్యాంకు సంగతి ఎవరూ చెప్పలేదు. లోపల టార్చి వేసి చూడండి. తుప్పుంటే కార్బురేటర్ ఎంత కడిగినా వారంలో మళ్లీ మూసుకుంటుంది. ట్యాపు తీసి ఆ రంధ్రం మూసి, వెనిగర్ నింపి ఒక రోజు ఉంచండి. వంపేశాక వంటసోడా నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టి పెట్రోలు పోయాలి. తడిగా వదిలేస్తే గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. వెనిగర్ పెయింటు మీద పడనివ్వకండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తెరవండి, ఎలకలకి ఇష్టమైన ఇల్లు అది.

ఎర్రమట్టి:
అన్నీ చేశాను, అంటుకుంది! కానీ చోక్ లాగితేనే నడుస్తోంది, చోక్ తీస్తే ఆగిపోతోంది.

జెట్టుసైజు:
చోక్ లాగితే పెట్రోలు పాలు పెరుగుతుంది. దాంతోనే నడుస్తోందంటే మామూలుగా పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పైలట్ జెట్టు గానీ, దాని వెనకున్న సన్నటి దారి గానీ ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. ఇంకోసారి విప్పి మిక్స్‌చర్ స్క్రూ రంధ్రంలోంచి క్లీనర్ కొట్టండి, కార్బురేటర్ గొట్టం లోపలి చిన్న చిల్లుల్లోంచి చిమ్మాలి. అక్కడ బాగుంటే కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు చూడండి. వంచితే పగుళ్లు కనిపిస్తాయి, అక్కడే దొంగగాలి.

ప్లగ్గుపానా:
ఇంజన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ వాసన చూశారా? పెట్రోలు వాసన వస్తే ఫ్లోట్ సూది (కార్బురేటర్ గిన్నె నిండాక పెట్రోలు ఆపేది) లీకై ఇంజన్ ఆయిల్లో కలిసినట్టు. సూది మార్చి ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయొద్దు. వాసన రాకపోయినా ఇప్పుడొకసారి, 50 కిలోమీటర్లు తిప్పాక ఇంకోసారి ఆయిల్ మార్చండి.

అనంతగిరి ఎక్కేముందు బ్రేకు ఫ్లూయిడ్ మార్చండి, ఏ రకమో మూత మీదే ఉంటుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి: 3213 అని ఉంటే 2013లో 32వ వారం తయారీ. టైరు మీద గుళ్లు (బొడిపెలు) ఎంత ఉన్నా ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది, తడి మట్టిలో పట్టదు.